ఒక్క చుక్క ఒలకకుండా

చందానగర్‌లో హైవే పక్కనున్న ఒక జూనియర్ కాలేజీలో కిరణ్ పాల్ పీఆర్వోగా పనిచేస్తాడు. పీఆర్వో అంటే సీట్లు నింపేవాడు. సంక్రాంతి సెలవులు అయిపోయాయంటే చాలు, పదో తరగతి పిల్లలున్న ప్రతి గడపా తొక్కి, రంగు రంగుల కాగితాలు చేతిలో పెట్టి, మా కాలేజీలో చేర్పించండి మహాప్రభో అని బతిమాలే మనిషి. అలాంటివాళ్లను జనం మామూలుగా గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేస్తారు. కిరణ్ పాల్‌ని మాత్రం లోపలికి పిలిచి కుర్చీ వేస్తారు. నలగని చొక్కా, తెల్లబడుతున్న చెంపలు, తొందరపడని గొంతు చూసి, ఎవరో పెద్ద లెక్చరరు మన ఇంటికొచ్చాడని మురిసిపోతారు. ఆయన కార్డు మీద కూడా 'విద్యా సలహాదారు' అని అచ్చు వేయించారు. అది పూర్తిగా అబద్ధం కాదు. నిజమని ఒట్టేసి చెప్పే ధైర్యం ఆయనకీ లేదు.

ఆయనది తెనాలి దగ్గర ఒక పల్లె. తండ్రి ఇటుక బట్టీలో కూలి. పదో తరగతిలో కిరణ్ పాల్ ఎలాంటివాడంటే, హాజరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. చివరి బెంచీలో గోడకి ఆనుకుని, తనని ఎవరూ చూడకపోతే అదే పదివేలు అన్నట్టు కూర్చునేవాడు. సైన్సు చెప్పే పట్టాభిరామయ్య మాస్టారు మూడేళ్లు ఆ పిల్లవాడిని అలాగే చూశారు. ఒకరోజు బడి వదిలాక ఆపి, "ఒరే, మందారపువ్వుని కోసి లోపల ఏముందో బొమ్మ గీశావే, ఆ ఓపిక నాకు కూడా లేదురా. నువ్వు లెక్చరర్‌వి అవుతావు, చూస్తూండు" అన్నారు. అంతే. కుర్రాడు ఆ మాట పట్టుకుని ఇంటరు, డిగ్రీ, బోటనీలో ఎమ్మెస్సీ దాకా ఈదుకుంటూ పోయాడు. మనిషికి సరైన వయసులో ఒక్క మంచి మాట పడితే జీవితం మారిపోతుందని ఆయన గట్టిగా నమ్మాడంటే, అది పుస్తకంలో చదివి నమ్మింది కాదు.

నిజంగానే లెక్చరర్ అయ్యాడు. చందానగర్ కాలేజీలో బోటనీ చెప్పాడు. బాగానే చెప్పేవాడట. అయితే ఆ కాలేజీలో వేసవి వస్తే లెక్చరర్లంతా వీధుల్లో పడి పిల్లలను తేవాలి. తేకపోతే జూన్‌లో ఉద్యోగం ఉండదు. మిగతావాళ్లు సిగ్గుతో చచ్చిపోతూ, తలుపు తట్టడానికి ఒకరినొకరు ముందుకు తోసుకుంటుంటే, కిరణ్ పాల్ వెళ్లిన ప్రతి ఇంటినుంచీ ఒక సీటు తెచ్చేవాడు. కాలేజీ డీన్ పిలిచి, "మీరు క్లాసు రూములో వేస్టయిపోతున్నారండీ. ఏడాది పొడుగునా బయట ఉండండి" అన్నాడు. పొగడ్త అనే అనుకున్నాడు పాపం. ఆ రోజు నుంచి ఆయన చేతికి సుద్దముక్క తగల్లేదు.

మొదట్లో బాధపడ్డాడు. తర్వాత తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. క్లాసులో ఉంటే ఒక గదిలో పిల్లలకే చెప్పగలను, బయట ఉంటే బస్తీకొక పట్టాభిరామయ్యలా తిరగొచ్చు అనుకున్నాడు. ఖాజాగూడ, నల్లగండ్ల, లింగంపల్లి ప్రభుత్వ బళ్లకు వెళ్లి హెడ్మాస్టర్ల కాళ్లావేళ్లా పడి అరగంట పీరియడు అడిగి తీసుకునేవాడు. క్లాసులోకి వెళ్లగానే గలగలా మాట్లాడే పిల్లల వంక చూసేవాడు కాదు. తల వంచుకున్నవాళ్లను వెతికేవాడు. వాళ్లలో ఒకరిని లేపి, ఏదో చిన్న ప్రశ్న అడిగి, వాళ్లు గొణిగిన జవాబును తన గొంతుతో పెద్దగా చెప్పి, అందరి చేతా చప్పట్లు కొట్టించేవాడు. ఆ పిల్ల మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు నాటకం కాదు. అది చూసినప్పుడు ఆయనకు కలిగే సంతోషమూ నాటకం కాదు. అక్కడే వచ్చింది తంటా అంతా.

గ్లాసు సంగతి ఎలా మొదలైందంటే, ఒక మార్చి నెలలో, మిట్టమధ్యాహ్నం, లింగంపల్లి వైపు ఒక రేకుల ఇంట్లోకి వెళ్లాడు. గొంతు ఎండిపోయి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లివ్వడం మన అలవాటు కదా, తల్లి చెప్పకముందే ఆ ఇంటి అమ్మాయి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. నిజంగా నిండా ఉంది. ఆయన తాగి, ఏదో అనాలని, "ఎంత నిండుగా తెచ్చిందో చూశారా అమ్మా, ఒక్క చుక్క ఒలకలేదు. సర్జన్లకి ఉండాల్సిన చెయ్యి ఇది" అన్నాడు. ఆ తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల తన చేతిని తానే మొదటిసారి చూసుకున్నట్టు చూసుకుంది. మర్నాడు తండ్రి కాలేజీకి వచ్చి బైపీసీలో సీటు రాయించుకుపోయాడు.

రెండో ఇంట్లో ఆ మాట మళ్లీ వచ్చింది. మూడో ఇంట్లో రప్పించాడు. ఆ తర్వాత ఏ ఇంటికెళ్లినా, దాహం ఉన్నా లేకపోయినా, "అమ్మా, కాసిని మంచినీళ్లు" అని ఇంటి పిల్లనే చూసి అడగడం అలవాటైపోయింది. ఒకసారి డీన్ కొత్త పీఆర్వోలందరినీ కూర్చోబెట్టి, కిరణ్ పాల్ గారి దగ్గర నేర్చుకోండి అంటే, ఆయన ఈ గ్లాసు ముచ్చట కూడా సరదాగా చెప్పాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఐటీ కంపెనీల టవర్లు కనిపించే ఇళ్లలో సీటు అమ్మడం తేలిక. ఆ మాట డీన్‌ది, కిరణ్ పాల్‌ది కాదు. కాని నిజమే. ఆ అద్దాలు తుడిచేది వీళ్లే, అక్కడి ఉద్యోగులుండే హాస్టళ్లలో అన్నం వండేది వీళ్లే, ఆ బస్సులు నడిపేది వీళ్లే. మెడలో కార్డు వేసుకుని కాఫీ చేత్తో పట్టుకుని నడిచే పిల్లలను రోజూ చూస్తూ, మన పిల్లలకి ఏం తక్కువ అనుకుంటారు. ఏం తక్కువో, ఏం ఎక్కువో చెప్పేవాడు ఇంటికొస్తే కాళ్లు కడుగుతారు. కిరణ్ పాల్ అలా ఖాజాగూడ పాత ఊళ్లో సాయమ్మ ఇంటికి వెళ్లిన రోజు, ఆమె పెద్దకూతురు యశస్విని నిండు గ్లాసుతో వచ్చింది. ఆయన అనే మాట అన్నాడు. పిల్ల ఆయన కాలేజీలోనే చేరింది. ఆయన డైరీలో ఆ పేరు పక్కన టిక్కు పడింది, వేరే బస్తీకి బండి తిరిగింది.

తర్వాత ఆ పిల్ల ఏమైందో ఆయనకు తెలియదు. ఎవరి సంగతీ తెలియదు. సీటు నిండాక పిల్లల సంగతి చూసుకునే మనుషులు వేరే ఉంటారు.

ఈ ఏడు జూన్‌లో సాయమ్మ ఫోన్ చేసింది.

"సార్, నేను ఖాజాగూడ సాయమ్మను. యశస్విని వాళ్లమ్మను. యాదికున్ననా?"

"గుర్తున్నారమ్మా, ఎందుకు లేరు" అన్నాడు కిరణ్ పాల్. గుర్తులేదు. ఆ అబద్ధం ఆయన పనిలో రోజూ ఆడేదే.

"బిడ్డది నీట్ ఈసారి గూడ పోయింది సార్. ఇంటరు మంచిగనే పాసైంది, గా నీటే అయితలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్ రెండుసార్లు కట్టినం. ఇప్పుడైతే పర్దా ఎనక కూసుండి బయటికే వస్తలేదు. తిండి సక్కగ తింటలేదు. ఎవ్వల మాట ఇంటలేదు. మీ మాట ఇంటది సార్. మీరే చెప్పిన్రు కద డాక్టర్ అయితదని. మీరే వచ్చి ఇంకేదన్న చెప్పున్రి. లేకుంటే నా బిడ్డ నాకు దక్కేటట్టు లేదు."

చివరి మాట దగ్గర ఆమె గొంతు ఏమీ మారలేదు. మార్కెట్లో కూరగాయల ధర చెప్పినట్టే చెప్పింది. అందుకే కిరణ్ పాల్‌కి భయం వేసింది. మామూలుగా ఇలాంటి ఫోన్లు వస్తే కాలేజీ నంబరిచ్చి తప్పుకునేవాడు. ఈసారి వస్తానన్నాడు.

ఆయన భార్య రెబెక్కా నర్సు. జీడిమెట్ల దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆమె చెల్లెలు ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. అక్కడ సీట్లింకా ఉన్నాయని కనుక్కుని, కిరణ్ పాల్ కొండంత ధైర్యం తెచ్చుకున్నాడు. డాక్టర్ కాకపోతే నర్సు. అదే తెల్ల కోటు, అదే ఆసుపత్రి. ఇంతకంటే సులువైన బేరం ఇంకేముంటుంది అనుకున్నాడు. ఏం చెప్పాలో అద్దం ముందు తల దువ్వుకుంటూ అనుకుంటుంటే రెబెక్కా టిఫిన్ డబ్బా సర్దుకుంటూ విన్నది.

"మీరు మాట్లాడటానికి వెళ్తున్నారా, ఆ పిల్ల మాట వినడానికి వెళ్తున్నారా అండీ?" అని అడిగింది.

"రెండూనే."

"మా వార్డులో రోజూ చూస్తుంటాను. వచ్చిన ప్రతి చుట్టమూ ధైర్యం చెప్పి పోతాడు. పేషెంటు గోడవైపు తిరిగి పడుకుంటాడు. కాసేపు నోరు మూసుకుని కూర్చోండి. ఆ పిల్ల ఏమంటుందో ముందు చూడండి."

సరేనన్నాడు. కాని నోరు మూసుకుని కూర్చోవడం ఆయనకు చేతనైన పని కాదు.

ఖాజాగూడలో బండరాళ్ల వెనక నుంచి టవర్లు తొంగిచూస్తుంటాయి. పాత ఊరి గల్లీలు మాత్రం అలాగే ఉన్నాయి. నీళ్ల ట్యాంకర్ ఒకటి దారి మూసేస్తే, బండి కిరాణా కొట్టు ముందు పెట్టి నడిచాడు. సాయమ్మ గల్లీ మలుపులోనే ఎదురొచ్చింది. అమ్మాయిల హాస్టల్లో వంట పనినుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకి పసుపు మరకలున్నాయి. దారిలో ఒక ఇంటి ముందు ఆరేసిన చున్నీ చూసి, కిరణ్ పాల్ అలవాటు కొద్దీ అడిగాడు.

"ఈ ఇంట్లో కూడా ఒక అమ్మాయి ఉండాలి కదమ్మా. ఏం చదువుతోందిప్పుడు?"

"కమలమ్మ బిడ్డ స్రవంతినా? ఆ పిల్లకు చదువు రాదు కద సార్. మీరే చూసిన్రు."

"నేనా?"

"మీరొచ్చిన్నాడు నీళ్లు తెస్తుంటే ఆ పిల్ల చెయ్యి వణికి కింద పోసుకున్నది. మీరేం అనకుంట తాగి పోయిన్రు. గప్పుడే సమజైంది కమలమ్మకు. పది కాంగనే తీస్కపోయి బట్టల షాపుల పెట్టింది. గిప్పుడు చీరెలు మడతబెడ్తది."

కిరణ్ పాల్ ఆగిపోయాడు. ఆ ఇల్లు గుర్తులేదు, ఆ పిల్ల గుర్తులేదు. ఆ రోజు ఏదో తొందరలో ఉండి ఉంటాడు. ఇంకో బస్తీలో ఎవరో ఎదురుచూస్తూ ఉండి ఉంటారు. నీళ్లు తాగి లేచి ఉంటాడు, అంతే. ఆ అంతేలో ఒక పిల్ల చదువు ఆగిపోయిందని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"అమ్మా, అది ఊరికే అనే మాట. నీళ్లకీ చదువుకీ సంబంధం ఏముంటుంది చెప్పండి" అన్నాడు.

సాయమ్మ నవ్వింది. పెద్దవాళ్లు తమ గొప్ప తాము చెప్పుకోరు అన్నట్టు నవ్వింది.

"మీరే గట్లంటే ఎట్ల సార్. మా గల్లీల అందరికి ఎరుక. కాలేజీ సార్ గ్లాసు చూసే చెప్తడు అంటరు. పిల్లలు నేర్చుకుంటున్నరు గూడ. మా చిన్నది రమ్య ఈ ఏడు పదికి వచ్చింది. రోజు బడి నుంచి రాంగనే గ్లాసు నింపుకొని ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తది."

కిరణ్ పాల్ ఆమె వెనకే నడిచాడు. పదేళ్లుగా తను వాడిన కిటుకు ఈ గల్లీలో పరీక్ష అయి కూర్చుంది. దానికి పాస్ ఉంది, ఫెయిల్ ఉంది. తల్లులు దగ్గరుండి చదివిస్తున్నారు. పేపరు దిద్దేది మాత్రం తను. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. పట్టాభిరామయ్య మాస్టారు మూడేళ్లు చూసి ఒక్క మాట అన్నారు. నేను మంచినీళ్లు తాగినంతసేపు చూసి అదే మాట అన్నాను. ఈ లెక్క ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎందుకు తట్టలేదో ఆయనకు అర్థం కాలేదు. కాని సాయమ్మ అప్పటికే తలుపు తీసి, "రాండ్రి సార్" అంటోంది.

ఇల్లంటే ఒకటిన్నర గది. సగం గదికి అడ్డంగా పాత చీర ఒకటి తాడు మీద వేసి ఉంది. ఆ చీరే గోడ. దాని అవతల యశస్విని ఉంది. ఇవతల ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు, మూలన కుళాయి ఉన్న ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా. రమ్య కనపడలేదు గాని, వంట సందులో గాజుల చప్పుడు వినిపించింది. సాయమ్మ భర్త కంపెనీ బస్సు మీద డ్యూటీకి పోయాడు.

కిరణ్ పాల్ కుర్చీలో కూర్చున్నాడు. రెబెక్కా మాట గుర్తొచ్చింది. సాయమ్మ ఆయన నోటి వంకే చూస్తోంది. ఆ చూపుకి తట్టుకోలేక మొదలుపెట్టాడు.

"యశస్వినీ, నేనమ్మా, కిరణ్ పాల్ సార్‌ని."

చీర వెనకనుంచి జవాబొచ్చింది. "ఎరుకే సార్. మీ గొంతు ఏం మారలే."

మాట వచ్చింది గదా అని ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. నర్సింగ్ కాలేజీ సంగతి ఎత్తుకున్నాడు. తన భార్య ఎంత తృప్తిగా పనిచేస్తుందో చెప్పాడు. నర్సులకి ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుందన్నాడు. ఒక దారి మూసుకుపోతే బతుకు ఆగిపోదన్నాడు. చెబుతున్న కొద్దీ తన గొంతు తనకే వినిపించసాగింది. బళ్లలో అరగంట పీరియడులో మాట్లాడే గొంతే అది. చప్పట్లు కొట్టే చోట ఆగుతున్నాడు కూడా.

"సార్, ఒకటి అడగాల్నా?" అంది యశస్విని.

"అడగమ్మా."

"ఆనాడు నన్ను చూసి డాక్టర్ అయితవ్ అన్నరు. నాల ఏం చూసిన్రు?"

"నీ చెయ్యి..." అన్నాడు. ఆగాడు.

"చెయ్యే చూసిన్రా? ఇంకేం చూడలేదా?"

కనీసం ఆ పిల్ల మొహం గుర్తుంటే ఏదో ఒకటి అల్లి చెప్పేవాడు. చామనఛాయా, రెండు జడలా, కళ్లద్దాలా, ఏదీ గుర్తులేదు. చీర మీద వెలిసిపోయిన పువ్వుల వంక చూస్తూ కూర్చున్నాడు.

"మా గల్లీల చానమందికి సర్జన్ చెయ్యి ఉన్నది సార్" అంది యశస్విని. ఎకసెక్కం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

"నిన్ను మోసం చేద్దామని అన్లేదమ్మా ఆ మాట."

"మోసం అంటలేను సార్. మీరొచ్చేదాంక నన్ను ఎవ్వలు ఏమనలే. మంచిగనలే, చెడ్డగనలే. బడిల సార్లకు నా పేరు గూడ ఎరుకలే. మీరొక్కరే ఒక మాటన్నరు. క్లాసుల లేచి మాట్లాడిన, ఫస్టు బెంచీల కూసున్న, అన్నీ ఆ మాట మీదనే. ఇప్పుడు అది కాదు, ఇంకోటి అయితవ్ అంటున్నరు. అది తీసేస్తే నేను ఏందో నాకే ఎరుకలే సార్."

సాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిరణ్ పాల్‌కి ఏడుపు రాలేదు. వచ్చినా ఏడ్చే హక్కు తనకి లేదనిపించింది. ఎంతోమంది పిల్లల మొహాల్లో చూసిన వెలుగు గుర్తొచ్చింది. ఆ దీపాలన్నీ ఇప్పుడు ఏ ఏ చీరల వెనక ఆరిపోయి ఉన్నాయో అనుకున్నాడు.

చివరికి ఇన్నేళ్లలో ఎవరినీ అడగని మాట అడిగాడు. "నీకు ఏది ఇష్టమమ్మా?"

"గిప్పుడా సార్ అడిగేది" అంది యశస్విని.

ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు. రెబెక్కా చెప్పినట్టుగా కాదు, చెప్పడానికి ఏమీ మిగలక.

సాయమ్మకు ఈ మౌనం నచ్చలేదు. సార్ మనసు చెదిరిందేమో, పెద్దదాని సంగతి ఎలాగూ తేలేటట్టు లేదు, చిన్నదాని సంగతైనా ఈయన నోటినుంచి వినాలి అనుకుందో ఏమో, వంట సందు వైపు తిరిగి పిలిచింది.

"రమ్యా, సార్‌కు మంచినీళ్లు తే బిడ్డా."

వద్దమ్మా అనేలోపే రమ్య గుమ్మంలో నిలబడి ఉంది. అంతసేపూ గ్లాసు నింపుకుని సిద్ధంగా ఉన్నట్టుంది. బడి యూనిఫాం, నూనె రాసి గట్టిగా బిగించిన జడలు, అంచులతో సమానంగా నీళ్లున్న స్టీలు గ్లాసు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చూపు గ్లాసు మీదనుంచి తిప్పకుండా, ఒక్కో అడుగూ తడిమి తడిమి వేస్తూ వస్తోంది. సాయమ్మ గబుక్కున దారిలో ఉన్న స్టూలు పక్కకి లాగింది. కిరణ్ పాల్ లేవబోయాడు. లేస్తే పిల్ల అదిరి నీళ్లు ఒలికిపోతాయేమోనని మళ్లీ కూర్చున్నాడు. కూర్చున్నాక, తను కూడా ఆ పరీక్షను నమ్ముతున్నట్టే ప్రవర్తిస్తున్నానని తెలిసింది.

చీర పక్కకి జరిగింది.

యశస్విని బయటికి వచ్చింది. చిక్కిపోయి ఉంది. జుట్టుకి నూనె లేదు. ఒంటిమీద ఆయన కాలేజీ టీషర్టే ఉంది, వీపున 'మీ కల మా బాధ్యత' అని ఉంటుంది దాని మీద. సాయమ్మ "బిడ్డా" అని లేచి, దగ్గరకు పోవడానికి జంకి అక్కడే నిలబడిపోయింది. ఇన్ని రోజుల తర్వాత కూతురు మనుషుల్లోకి వచ్చింది. యశస్విని తల్లి వైపు చూడలేదు. చెల్లెలి దగ్గరికి వెళ్లి ఆ పిల్ల చేతుల్లోంచి గ్లాసు తీసుకుంది.

తీసుకున్న చెయ్యి వణికింది. సరిగ్గా తినని మనిషి చెయ్యి మరి. నీళ్లు గ్లాసు అంచు దాటి ఆమె మణికట్టు మీదుగా, రమ్య పాదాల మీదా, నేల మీదా పడ్డాయి. యశస్విని గ్లాసు ఎత్తి, మిగిలిన నీళ్లు నిలబడే తాగేసింది. ఖాళీ గ్లాసు తెచ్చి కిరణ్ పాల్ చేతిలో పెట్టింది.

"గిప్పుడు చెప్పున్రి సార్. మా చెల్లెది ఏం చెయ్యి?"

ఆశ్చర్యం ఏమిటంటే, మాట నాలుక మీద సిద్ధంగానే ఉంది. ఎన్నో ఇళ్లలో అరిగిపోయిన వాక్యం, పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఆయన దాన్ని మింగాడు. రమ్య వంక చూశాడు. ఈసారి మొహమే చూశాడు. గుండ్రటి మొహం, ఎడమ కనుబొమ మీద చిన్న గాటు. ఆ పిల్లకి ఏం వచ్చో, ఏం రాదో, దేనికి నవ్వుతుందో, దేనికి భయపడుతుందో ఆయనకేమీ తెలియదు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు.

ఈ పనిలోకి వచ్చాక ఆయన నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు. ఇన్నాళ్లకి ఒక నిజం చెప్పాను, ఈ పిల్ల దీన్నయినా నమ్ముతుంది అనుకున్నాడు. యశస్విని కాసేపు ఆయన్నే చూసింది. ఆ కళ్లలో కోపం ఉన్నా బాగుండేది. తిరిగి చీర వెనక్కి వెళ్లిపోయింది. చీర మళ్లీ మూసుకుంది.

సాయమ్మ మూలనున్న బట్ట తీసి, వంగి నేల తుడవడం మొదలుపెట్టింది. ఆయన వైపు తలెత్తలేదు.

"చూస్తివా రమ్యా" అంది చిన్నగా. "నీళ్లు ఒలికినయి. సార్ నోట్లెకెళ్లి ఒక్క మాట వస్తలేదు."

"అది కాదమ్మా, పిల్ల తప్పేమీ లేదు. నీళ్ల గురించి కాదు నేననేది..." అన్నాడు కిరణ్ పాల్.

"ఉండనియ్యిన్రి సార్" అంది సాయమ్మ, తుడుస్తూనే. "మీరు మంచోళ్లు. ఉన్నది మొకం మీద చెప్పలేరు. మాకు సమజైంది."

ఊళ్లో ఏ తల్లినైనా మాటల్లో పెట్టి ఒప్పించగలడని పేరున్న మనిషి, ఆ ఒక్క తల్లికి ఆ ఒక్క సంగతి చెప్పలేకపోయాడు. ఏది చెప్పినా ఓదార్పు అనుకుంటుంది. ఓదార్పు అంటే ఫెయిలైనవాళ్లకి చెప్పేది. గ్లాసు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

రమ్య ఇంతసేపూ తడి పాదాలతో కదలకుండా నిలబడింది. వచ్చి ఆయన చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసుకుంది.

"నేను ఒలకబొయ్యలే సార్. అక్క ఒలకబోసింది" అంది. "ఇంకో గ్లాసు తెస్త. జర కూసోండ్రి సార్, పోకుండ్రి."

నీళ్ల డబ్బా దగ్గరికి పోయి ముడుచుకుని కూర్చుంది. కుళాయి తిప్పిన చప్పుడైంది. కిరణ్ పాల్‌కి లేచి వెళ్లిపోవాలని ఉంది. వెళ్లిపోతే ఆ పిల్ల ఫెయిలైనట్టే. కూర్చుంటే, తెచ్చిన నీళ్లు చూడాలి. నీళ్లు పడే చప్పుడు గ్లాసు సగానికి వచ్చింది, పైకి వచ్చింది, ఆగింది. చీర వెనక ఏ అలికిడీ లేదు. రమ్య గ్లాసుని కంటి దగ్గరికి తెచ్చుకుని చూసి, ఇంకా కొంచెం తక్కువుందని, కుళాయి మళ్లీ సన్నగా తిప్పి, ఒక్కొక్క చుక్కే పడనిస్తోంది.